పేలుడు పదార్థాల పరిశ్రమ: సికింద్రాబాద్ నుంచి సింగరేణి దాకా

తెలంగాణలో భూమిలోని బొగ్గును తవ్వడానికైనా, గుట్టల్లోని గ్రానైటును తీయడానికైనా పేలుడు పదార్థాల అవసరం తప్పదు కనుక, ఆ పరిశ్రమ జంటనగరాల చుట్టూ వేళ్లూనుకోవడంలో వింత లేదు. 1961లో కూకట్‌పల్లిలో ఇండియన్ డిటోనేటర్స్ లిమిటెడ్ (ఐడీఎల్) ఏర్పడగా, 1980లో ఎ.ఎన్. గుప్తా సికింద్రాబాద్ కేంద్రంగా ప్రీమియర్ ఎక్స్‌ప్లోజివ్స్‌ను స్థాపించారు. ఆ సంస్థ కార్యాలయం ఏఓసీ సెంటర్‌కు దగ్గరలో ఉండగా, కర్మాగారం యాదగిరిగుట్ట సమీపంలోని పెద్దకందుకూరులో వెలసింది.

పదార్థం రెప్పపాటులో వేడి వాయువులుగా మారి, చుట్టూ ఉన్నదాన్ని తోసివేయడమే పేలుడు. సురేకారం, గంధకం, బొగ్గుపొడి కలిపిన తుపాకి మందు శతాబ్దాలపాటు ఈ పని చేసినా, దానిలో జరిగేది వేగంగా మండటమే. 1846లో ఇటలీ శాస్త్రవేత్త అస్కానియో సొబ్రెరో తయారుచేసిన నైట్రోగ్లిజరిన్ ఇందుకు భిన్నమైనది. ధ్వనిని మించిన వేగంతో ఆఘాత తరంగం దాని గుండా పరుగెత్తుతుంది, కానీ చిన్న కుదుపుకే పేలే స్వభావం వల్ల అది ఎందరినో బలిగొన్నది. ఆల్ఫ్రెడ్ నోబెల్ ఆ ద్రవాన్ని ఒక రకం మెత్తని మట్టిలో ఇంకించి 1867లో డైనమైట్‌గా పేటెంట్ పొందాడు. అయితే ఆయన పేరు డైనమైట్‌తోనే ముడిపడినా, అంతకుముందే రూపొందించిన డిటోనేటర్‌దే పెద్ద మేలు అనాలి. తేలికగా పేలే మందును కొద్దిపాటిగా ఒక సన్నని లోహపు గొట్టంలో బంధించి, దాని దెబ్బతోనే అసలు మందు పేలేలా చేయడంతో, ఆ అసలు మందును వీలైనంత మొండిగా తయారుచేసే దారి తెరుచుకున్నది. తర్వాతి పరిశోధన చాలావరకు ఆ దారినే నడిచింది.

భారతదేశం 2004లో నైట్రోగ్లిజరిన్‌తో చేసే పేలుడు పదార్థాలను నిషేధించింది. వాటి స్థానాన్ని ఆక్రమించిన స్లర్రీ, ఎమల్షన్ రకాల్లో ముఖ్యమైన ముడిసరుకు ఎరువుగా కూడా వాడే అమ్మోనియం నైట్రేట్. ఎమల్షన్‌లో దాని నీటి ద్రావణం సూక్ష్మ బిందువులై నూనెలో చిక్కుకుని ఉంటుంది. ఓపెన్‌కాస్టు గనుల్లోనైతే ట్యాంకరు లారీ మోసుకొచ్చే ఎమల్షన్ దారిలో ఇంకా పేలుడు పదార్థం కాదు. బోరు రంధ్రంలోకి దిగిన తర్వాతే దానికి ఆ శక్తి వస్తుంది. లారీ నడిపేవారికి, అది దాటివెళ్లే ఊళ్లకు ఇంతకంటే పెద్ద రక్షణ మరొకటి లేదు.

సింగరేణి భూగర్భ గనుల సమస్య వేరు. అక్కడి గాలిలో మీథేన్, బొగ్గు ధూళి ఉండే అవకాశం ఉన్నందున, మంట వేడిని తగ్గించే ఉప్పులాంటి పదార్థాలు కలిపిన ‘పర్మిటెడ్’ రకాలనే వాడాలి. షాట్ ఫైరర్ ముందుగా గ్యాసు పరీక్షించి, రంధ్రంలో మందు నింపి, దాని మూతిని బంకమట్టి ముద్దలతో గట్టిగా కూరి, అందరూ తప్పుకున్నారని నిర్ధారించుకున్నాకే పేలుస్తాడు. ఈ క్రమంలో ఒక్క అడుగు దాటవేసినా ప్రాణాలకే ముప్పు.

2025 ఏప్రిల్ 1 నుంచి ఎలక్ట్రిక్ డిటోనేటర్లపై దేశంలో నిషేధం అమలులోకి రావడంతో, మిల్లీసెకన్ల తేడాతో రంధ్రాలను వరుసగా పేల్చగల ఎలక్ట్రానిక్ రకాలకు ప్రాధాన్యం పెరిగింది. దీనివల్ల దుర్వినియోగానికి అడ్డుకట్ట పడటమే కాక, భూకంపనలు తగ్గే వీలుంది గనుక, గోడలు బీటలు వారుతున్నాయని మొరపెట్టుకునే ఓపెన్‌కాస్టు గ్రామాలకూ కొంత ఊరట దొరకవచ్చు.

గనుల కోసం పుట్టిన ఈ నైపుణ్యమే రక్షణ రంగానికీ చేరి, ప్రీమియర్ సంస్థ ఆకాశ్ వంటి క్షిపణులకు ఘన ఇంధనం తయారుచేసే స్థాయికి ఎదిగింది. కర్మాగారాల చుట్టూ మాత్రం ఊళ్లు పెరుగుతున్నాయి. కూకట్‌పల్లిలో ఐడీఎల్ చెరువు పరిసరాలు నేడు పూర్తిగా నగరంలో కలిసిపోయాయి. ఎంత మొండి మందైనా తయారీ గదికీ, నిల్వ గదికీ, జనావాసానికీ మధ్య చట్టం నిర్దేశించిన దూరం ఉండి తీరాలి. యాదగిరిగుట్ట వైపు నగరం విస్తరిస్తున్న ఈ దశలోనే ప్రభుత్వం ఆ దూరాలను పటాల మీద గుర్తించి, వాటి లోపల లేఅవుట్లకు అనుమతి నిరాకరించాలి.