వరిగింజ చెప్పే లెక్కలు: పాత ఫిల్ము కెమెరా, మాక్రో లెన్స్ కొనేముందు

పాత ఫిల్ము కెమెరా అమ్మేవాళ్లు ముందుగా షట్టర్ నొక్కి చూపిస్తారు. టక్‌మని మోగుతుంది, కొనడానికి వచ్చినవాళ్ల ముఖం వెలిగిపోతుంది, బేరం సగం అయిపోయినట్టే. ఆ చప్పుడుతో తేలేది చాలా తక్కువ. సెకనులో వెయ్యోవంతు తెరుచుకోవాల్సిన షట్టర్ అయిదువందలో వంతు తెరుచుకున్నా చెవికి తేడా తెలీదు. దానికి జతగా దగ్గరి వస్తువుల్ని తీసే మాక్రో లెన్స్ కూడా ఇస్తామంటే మోజు పెరుగుతుంది, చూసుకోవాల్సినవీ పెరుగుతాయి.

రాయ్‌పూర్‌లో ఇలాంటి జతను పరీక్షించడానికి వరిగింజను మించిన వస్తువు నాకు తోచలేదు. ఛత్తీస్‌గఢ్‌కి ‘ధాన్ కా కటోరా’ (వడ్ల గిన్నె) అనే పేరు ఊరికే రాలేదు. 1970లలో డాక్టర్ ఆర్.హెచ్. రిఛారియా ఇక్కడి నుంచి పనిచేస్తూ సేకరించిన దేశీ వరి రకాలే 19 వేల పైచిలుకు అంటారు. ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం దగ్గర ఇప్పుడు 23 వేలకు పైగా నమూనాలున్నాయి. మన మార్టేరులో పుట్టి 1982లో విడుదలైన స్వర్ణ కూడా ఈ పొలాల్లో బాగా స్థిరపడింది. స్వర్ణ వడ్లు గుప్పెడు, సువాసన వచ్చే పొట్టిగింజ దుబ్‌రాజ్ గుప్పెడు సంపాదిస్తే పరీక్ష సరంజామా సిద్ధం. బియ్యం కన్నా వడ్లే మేలు. పొట్టు మీది సన్నని నూగు దగ్గర లెన్స్ పదును బయటపడుతుంది.

లెక్కలకు ఒక జత కావాలి కాబట్టి నికాన్ ఎఫ్ఎం2 బాడీ, 55 మిల్లీమీటర్ల ఎఫ్ 2.8 మైక్రో-నికార్ లెన్స్ తీసుకుందాం. 1982లో వచ్చిన ఈ బాడీలో షట్టర్ పూర్తిగా యాంత్రికం. బ్యాటరీ లేకపోయినా సెకనులో 4000వ వంతు దాకా అన్ని వేగాలూ పనిచేస్తాయి, బ్యాటరీ కావాల్సింది వెలుగు కొలిచే మీటరుకే. లెన్స్ వంశం ఇంకా పాతది. జపాను లిపిలోని కిక్కిరిసిన గీతలు మైక్రోఫిల్ము మీద కలిసిపోకుండా ఉండాలని నికాన్ 1956లో తొలి మైక్రో-నికార్ చేసింది. ఒత్తు కింద ఒత్తు పడే మన అచ్చుకీ ఆ పదును పనికొస్తుంది. తెలుగు పేపరు గోడకు అంటించి తీస్తే, మధ్యలోనే కాదు, నాలుగు మూలల్లోనూ ఒత్తులు విడివిడిగా చదవగలగాలి.

ఈ లెన్స్ ఒంటరిగా 1:2 దాకా వెళ్తుంది. అంటే వస్తువు తన సైజులో సగంగా ఫిల్ము మీద పడుతుంది. ఫిల్ము ఫ్రేము 36×24 మిల్లీమీటర్లు కాబట్టి, అప్పుడు ఫ్రేములో పట్టేది 72×48 మిల్లీమీటర్ల జాగా. ఇది కొట్లోనే తేల్చుకోవచ్చు. లెన్స్‌ను చివరిదాకా తిప్పి, స్కేలు మీద ఫోకస్ కుదిరేదాకా ముందుకూ వెనక్కూ జరగండి. ఎఫ్ఎం2 వ్యూఫైండర్ ఫ్రేములో 93 శాతమే చూపిస్తుంది గనక దాదాపు 67 మిల్లీమీటర్లు కనబడాలి. బాగా ఎక్కువ కనిపిస్తే ఫోకస్ మర ఎక్కడో పట్టేసి చివరిదాకా రావడం లేదన్నమాట. పీకే-13 అనే 27.5 మిల్లీమీటర్ల గొట్టం కూడా ఇస్తే దాన్ని మధ్యలో బిగించి 1:1 దాకా వెళ్లొచ్చు. ఆరు మిల్లీమీటర్ల గింజ 1:2లో ఫిల్ము మీద మూడు మిల్లీమీటర్లు, 1:1లో ఆరు. పన్నెండంగుళాల వెడల్పు ప్రింటు వేయిస్తే మొదటిది రెండున్నర సెంటీమీటర్లు, రెండోది అయిదు సెంటీమీటర్లు వస్తుంది.

అంత దగ్గరికి వెళ్లినందుకు వెలుగు రూపంలో మూల్యం చెల్లించాలి. 1:2 దగ్గర ఫిల్మును చేరే వెలుగు రెండుంపావు రెట్లు తగ్గుతుంది, 1:1 దగ్గర నాలుగు రెట్లు. మీటరు లెన్స్ గుండా చూసి కొలుస్తుంది కాబట్టి ఆ లెక్క అదే సర్దుకుంటుంది. ఫోకస్ సంగతి అలా కాదు. ఎఫ్ 2.8 దగ్గర 1:2లో స్పష్టంగా ఉండే లోతు ఒక్క మిల్లీమీటరు. ఎఫ్ 8కి మూస్తే మూడు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ, 1:1లో అదే ఎఫ్ 8కి మళ్లీ ఒక మిల్లీమీటరు లోపే. చేత్తో పట్టుకుని ఊపిరి వదిలినా మనిషి అంతకన్నా ఎక్కువ ఊగుతాడు. ట్రైపాడ్ లేకుండా మాక్రో లెన్స్ బాగోలేదని తీర్పు చెప్పేవాళ్ల మాట నేను పట్టించుకోను.

ఈ లెన్స్ కొనేవాళ్లు ముందు చూడాల్సింది గీతలూ దుమ్మూ కాదు, నూనె. ఫోకస్ మరకు పూసిన గ్రీజు ఏళ్ల తరబడి కారి అపెర్చర్ రేకుల మీదికి చేరడం ఈ మోడల్‌కి పేరుమోసిన జబ్బు. మే నెలలో 45 డిగ్రీలు తాకే ఊళ్లో బీరువాలో పడున్న లెన్స్ అంటే అనుమానం ఇంకాస్త పెంచుకోవాలి. రింగును ఎఫ్ 16 మీద పెట్టి, లెన్స్ వెనక ఉన్న చిన్న మీటను తోసి వదలండి. రేకులు చటుక్కున మూసుకోవాలి. బద్ధకంగా కదిలినా, మెరుస్తూ తడిగా కనిపించినా నూనె చేరినట్టే. కెమెరాలో ఉన్నప్పుడు ఈ రోగం కంటికి తేలిగ్గా కనబడదు, ఎందుకంటే వ్యూఫైండర్ మామూలుగా లెన్స్‌ను పూర్తిగా తెరిచే చూపిస్తుంది. ఫొటో తీసే క్షణంలో రేకులు మూసుకోకపోతే ఎఫ్ 16కి బదులు ఎఫ్ 2.8 పడుతుంది, ఫిల్ము మీదికి 32 రెట్లు వెలుగు వచ్చిపడుతుంది.

షట్టర్‌కి ఫోను చాలు. వెనక తలుపు తెరిచి, ముందునుంచి వెలుగు పడేలా పెట్టి, సెకనుకు 240 ఫ్రేముల స్లోమోషన్‌లో వీడియో తీయండి. సెకనులో 30వ వంతు వేగానికి షట్టర్ ఎనిమిది ఫ్రేముల్లో, 60వ వంతుకి నాలుగింటిలో తెరిచి కనబడాలి. 125వ వంతు దాటాక ఫోను లెక్కను నమ్మొద్దు. అక్కడినుంచి ఫిల్మే చెప్పాలి.

కాబట్టి అమ్మేవాళ్లు ఒప్పుకుంటే ఒక రీలు తీయడం తప్పనిసరి. ఐఎస్ఓ 200 ఫిల్ము వేసి, నడి ఎండ తిన్నగా పడే ఒకే రంగు గోడను లెన్స్ దూరానికి తిప్పి అయిదుసార్లు తీయండి: ఎఫ్ 16 దగ్గర సెకనులో 250వ వంతు, ఎఫ్ 11కి 500, ఎఫ్ 8కి 1000, ఎఫ్ 5.6కి 2000, ఎఫ్ 4కి 4000. అయిదింటికీ పడే వెలుగు ఒక్కటే, అయిదు నెగిటివ్‌లూ ఒకే నలుపులో రావాలి. ఎఫ్ 16 వైపువి మాత్రమే ముదిరితే రేకుల్లో నూనె. 4000 వైపువి పలచబడినా ముదిరినా షట్టర్ వేగం తప్పింది. ఒకే ఫ్రేములో పైభాగానికీ కిందిభాగానికీ తేడా ఉంటే షట్టర్ తెరలు రెండూ సమానంగా పరుగెత్తడం లేదు, అది రిపేరు ఖర్చు. స్కాన్ చేసిన బొమ్మ చూసి ఊరుకోవద్దు. ల్యాబులో మెషీను తేడాలన్నీ సవరించేసి మంచి ఫొటోలే చేతిలో పెడుతుంది. నెగిటివ్‌ను ఆకాశం వైపు పట్టి చూడాలి.

తర్వాతి ఫ్రేములు ఫోకస్‌కి. స్కేలును 45 డిగ్రీల వాలులో పెట్టి 50 గీత మీద ఫోకస్ చేసి, ఎఫ్ 2.8తో తీయండి. ఫొటోలో 50 గీత కాక 52 గీత పదునుగా వస్తే ఫోకస్ దాదాపు 1.4 మిల్లీమీటర్లు తప్పినట్టు. అప్పుడు లెన్స్‌ను అనుమానించకండి, కెమెరాలోని అద్దమో ఫోకసింగ్ తెరో పక్కకు జరిగి ఉంటుంది. మిగిలిన ఫ్రేములు గింజలకి.

రీలు, కడిగించడం, స్కానింగ్ కలిపి పదిహేను వందలు అనుకుంటే 36 ఫ్రేముల్లో ఒక్కోటి 42 రూపాయలు. గోడకీ స్కేలుకీ కలిపి పది ఫ్రేములు పోయినా 420 రూపాయలు. లెన్స్ విప్పి నూనె తుడిపించే కూలి దానికన్నా తక్కువ ఉంటుందని నేననుకోను.

బేరంలో దేనికి ఎంత తగ్గించమనాలో కూడా చూసుకోవాలి. వెనక తలుపు అంచుల్లో స్పాంజి జిగురుగా రాలిపోతుంటే భయపడక్కర్లేదు, కొత్త ముక్క కత్తిరించి అంటించుకోవచ్చు. మీటరు పనిచేయకపోయినా ఎండలో పైన చెప్పిన ఎఫ్ 16 లెక్కతో నెట్టుకురావచ్చు. ముందు గాజు మీద ఒక సన్నగీత ఫొటోలో కనబడనే కనబడదు. రేకుల్లో నూనె ఉంటే శుభ్రం చేయించే ఖర్చు ముందే కనుక్కుని అంతా తగ్గించమనండి. లోపలి గాజుల మీద సాలెగూడులాంటి ఫంగస్ కనిపిస్తే మాత్రం ధర ఎంత తక్కువైనా వద్దనే అంటాను. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఈ ఊరి గాలిలో తేమకి అది ఇంకా పాకుతుంది, పక్కన పెట్టిన మంచి లెన్సులకూ అంటుకోవచ్చు.