ప్లాట్‌ఫారం దాకా ఉచితం

వనపర్తి రోడ్డు స్టేషనులో రైలు దిగినవాడికి వనపర్తి కనబడదు. కొత్తవాడైతే సంచి భుజాన వేసుకొని, "ఊరెక్కడండీ?" అని అడుగుతాడు. అడిగించుకున్నవాడు నవ్వి, "ఊరికి పోవాలంటే ఇంక బస్సెక్కాలె" అంటాడు. నా పెళ్ళయిన కొత్తలో కర్నూలు నుంచి వచ్చిన మా మామగారు పండ్ల బుట్టతో సహా ఆ ప్లాట్‌ఫారం మీద నిలబడి, "టిక్కెట్టు మీద వనపర్తి అని స్పష్టంగా ఉందే!" అని ఆశ్చర్యపోయారు. "పక్కన రోడ్డు అని కూడా ఉంది మామయ్యా" అందామనుకొని, కొత్త అల్లుణ్ణి కనుక ఊరకున్నాను.

ఇరవై ఏళ్ళ తరవాత చదువు కూడా ప్లాట్‌ఫారం ఎక్కినప్పుడు నాకు మా మామగారు మళ్ళీ జ్ఞాపకం వచ్చారు.

నేను వనపర్తిలో ఇంటర్మీడియేటు పిల్లలకు కామర్సు చెబుతాను. చిట్టా, ఆవర్జా, అంకణా - వీటితోనే నా జీవితం. గద్వాలలో ఎకనామిక్సు చెప్పే మిత్రుడొకడు, నాగర్‌కర్నూలులో సివిక్సు చెప్పే మిత్రుడొకడు ఉన్నారు. ముగ్గురమూ ఒకప్పుడు ఒకే మహబూబ్‌నగరు జిల్లావాళ్ళం. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడి మూడు జిల్లాలవాళ్ళమయ్యాం. స్నేహం మాత్రం పంపకాలకు రాలేదు.

2020 మార్చిలో కరోనా వచ్చి కాలేజీలకు తాళాలు పడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలోను, టీ-సాట్‌లోను పాఠాలు మొదలైనాయి. పాఠాలు బాగానే ఉండేవి. కాని టీవీ చెబుతుందే గాని వినదు. పిల్లవాడు తెల్లమొహం వేశాడని ఆగి రెండోసారి చెప్పదు. అందుచేత మేము వాట్సాపులో పిల్లలందరినీ ఒక గుంపుగా చేర్చాం. నాలుగు రోజులు సజావుగా నడిచింది. అయిదోనాడు నేను పంపిన 'తరుగుదల' పాఠం మీద డజనుకు పైగా శుభోదయాలు, రెండు పుట్టినరోజు కేకులు, ఎవరిదో తప్పిపోయిన గేదె ఫోటో వచ్చి పడ్డాయి. సాయంత్రం వెతికినవాళ్ళకు గేదె దొరికింది గాని తరుగుదల దొరకలేదు.

అప్పుడు నాగర్‌కర్నూలు మిత్రుడు ఫోను చేసి, "మూడిల్ అని ఒకటుంది, ఉచితం. ముగ్గురం కలిసి ఒకే బడి పెడదాం" అన్నాడు.

ఇంతకీ ఏమిటిది?

మూడిల్ అంటే పాఠాలు పెట్టుకొనే అరల బీరువా అనుకోండి. మొదటి అరలో మొదటి పాఠం, రెండో అరలో రెండోది. గేదెలు రావు. పిల్లవాడు ఎప్పుడు వచ్చి తెరిచినా ఏ పాఠం ఎక్కడ ఉండాలో అక్కడే ఉంటుంది. బీరువాకు పక్కనే ఒక పెట్టె. ఇంటిపని వ్రాసి అందులో వేయవచ్చు. ప్రశ్నపత్రం పెడితే తానే దిద్ది మార్కులు వేస్తుంది. ఎవరు వచ్చారు, ఏ రోజున ఎన్ని గంటలకు వచ్చారు, ఏది చదివారు అన్న హాజరుపట్టీ కూడా తానే వ్రాసి పెడుతుంది. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి. దానితో తరవాత పని ఉంది.

దీన్ని తయారు చేసినాయన ఆస్ట్రేలియావాడు, మార్టిన్ డూగియామాస్. ఆ దేశం పడమటి ఎడారిలో, బడికి నడిచి వెళ్ళే వీలు లేని చోట పెరిగాడు. పంతులుగారి గొంతు రేడియోలో వినబడేది. పుస్తకాలు, కాగితాలు విమానంలో వచ్చేవి. పెద్దయి పెర్త్ నగరంలో కర్టిన్ విశ్వవిద్యాలయంలో ఉండగా దీన్ని కల్పించి, 2002 ఆగస్టులో మొదటి ప్రతిని లోకం మీదికి వదిలాడు. ఎవరైనా తీసుకోవచ్చు, తమకు తగినట్టు మార్చుకోవచ్చు, మరొకరికి పంచవచ్చు. బడికి దూరమైన పిల్లవాడే పెద్దవాడై దూరపు పిల్లలకు బడి కట్టాడన్నమాట. ఇది విన్నాక నాకు దాని మీద ఒక విధమైన అభిమానం కలిగింది.

ఇటువంటిదే గూగుల్ క్లాస్‌రూము. అది 2014లో విద్యాసంస్థలకూ, 2017లో గూగుల్ ఖాతా ఉన్న ప్రతివారికీ అందింది. తేలిక, పది నిమిషాలలో తరగతి తెరవవచ్చు. మూడిల్‌కు అంత సుళువు లేదు. బీరువా ఉచితమే గాని, దాన్ని నిలబెట్టడానికి గది కావాలి. అంటే ఇంటర్నెట్టులో అద్దెకు చోటు తీసుకోవాలి. మేము ముగ్గురం ఆ అద్దె పంచుకున్నాం. మా ఆవిడ విని, "ఉచితానికి అద్దె ఏమిటండీ?" అంది. జవాబు చెప్పలేకపోయాను. అయినా మూడిల్‌నే ఎంచుకోవడానికి కారణం ఉంది. దాని ఫోను యాప్‌లో పాఠాలు ఒకసారి దింపుకొంటే, తరవాత సిగ్నలు లేకపోయినా చదువుకోవచ్చు. మా పల్లెలలో సిగ్నలు సంగతి మీకు తెలిసిందే. కొందరికి ఇంట్లో రాదు, వేపచెట్టు ఎక్కితే వస్తుంది.

నెట్టు ఖర్చు తగ్గించడానికి వీడియోలు మాని, చేతివ్రాత పేజీల ఫోటోలూ, వాటికి తోడు నా గొంతూ పెట్టాను. మొదటి పరీక్ష మూడిల్ దిద్దిన తరవాత చూస్తే, సగానికి పైగా పిల్లలు ఒకే ప్రశ్న తప్పారు. అంతమంది ఒకేచోట తప్పితే తప్పు పిల్లలది కాదు. ఆ రాత్రి ఆ పాఠం మళ్ళీ చెప్పాను.

ఎర్ర అక్షరాలు

ఇంతవరకు గర్వంగా చెప్పాను. ఇక నా తెలివితక్కువ చెబుతాను.

ఇంటిపని సాయంత్రం అయిదు గంటలలోగా పంపాలని గడువు పెట్టాను. కాలేజీకి అయిదుకు గంట కొడతారు కదా, ఆ అలవాటు! అయిదు దాటితే యంత్రం ఆ పేరు ఎదుట ఎర్ర అక్షరాలతో ఆలస్యమని వేస్తుంది. నేను సున్న వేస్తాను. గద్వాల పక్క పల్లెలో ఒక అమ్మాయి ఉండేది. రోజూ ఎర్ర అక్షరాలే. పదిహేను రోజులు చూసి, "బద్ధకం మాని వేళకు పంపడం నేర్చుకో" అని వ్రాశాను. మరునాటి నుంచి ఆ అమ్మాయి పేరు ఎదుట ఎర్ర అక్షరాలు లేవు. అసలు ఏమీ లేదు. రావడం మానేసింది.

వారం గడిచింది. మనస్సు ఒప్పుకోలేదు. కృష్ణ దాటి గద్వాల వెళ్ళి, అక్కడి మిత్రుణ్ణి వెంటబెట్టుకొని ఆ పల్లెకు పోయాను. ఇల్లు తాళం వేసి ఉంది. తల్లీ కూతురూ చేలో ఉన్నారు.

నడిగడ్డలో విత్తనపు పత్తి పండిస్తారని వినే ఉంటారు. మామూలు పత్తి కాదిది. సాయంత్రంపూట, మరునాడు విచ్చే మొగ్గలను ఏరి, లోపలి కేసరాలు వేళ్ళతో గిల్లి తీసివేయాలి. మరునాడు పొద్దున వేరే రకం పూవు తెచ్చి పుప్పొడి అద్దాలి. ఒక్కొక్క మొగ్గకూ ఇంత పని. ఏ సాయంత్రమైనా ఆపితే ఆ పూట మొగ్గలు పోయినట్టే. బడులు మూతపడిన ఆ యేడు ఎందరు పిల్లలు ఆ చాళ్ళలో నిలబడ్డారో ఆ దారిలోనే కళ్ళారా చూశాను.

తల్లి నన్ను చూసి కొంగు సవరించుకొని, "సారూ, పిల్లను కోప్పడ్డరంట గద! పొద్దుమీకి మొగ్గలు గిల్లకుంటే మాకు ఎట్ల గడుస్తది? ఫోనేమో వాళ్ళ నాయిన కాడ ఉంటది. ఆటో తోలి ఆయన ఇంటికొచ్చేసరికి తొమ్మిదైతది" అంది.

అమ్మాయి ఏమీ అనలేదు. మాతో ఇంటికి వచ్చి, నోటుపుస్తకం తెచ్చి చేతిలో పెట్టింది. నేను పంపిన లెక్కలన్నీ ఉన్నాయి, తాను రావడం మానేసేముందు దింపుకొన్నవి కూడా. అంకణా రెండువైపులా సరిపోయింది. "బద్ధకం కాదు సార్" అని మాత్రం అంది.

తిరిగి వచ్చి ఆ హాజరుపట్టీ తెరిచాను. అంతా అందులోనే ఉంది! రోజూ రాత్రి తొమ్మిదిన్నర, తొమ్మిదీ యాభై, పదీ అయిదు. పదిహేను రోజులు ఒక్కరోజు తప్పలేదు. యంత్రం దాచలేదు, నేనే ఎర్ర అక్షరాలు చూసి పక్క గడి చూడలేదు. ఇరవై ఏళ్ళుగా పద్దులు రెండువైపులా చూడమని పిల్లలకు చెబుతున్నవాణ్ణి!

ఆ రాత్రే గడువు ఆదివారం రాత్రికి మార్చాను. సున్నలు కొట్టివేశాను. పరీక్ష మూడుసార్లు వ్రాసుకొనే వీలు పెట్టాను. పిల్లలందరూ చూసేచోట, "తప్పు నాది" అని వ్రాశాను. గుర్తుకొచ్చినవన్నీ మార్చాక మిత్రులిద్దరూ తమ పాఠాలలోనూ అలాగే చేశారు. నాగర్‌కర్నూలు మిత్రుడు ఒక అడుగు ముందుకు వేశాడు. అతని శిష్యుడొకడు అమ్రాబాదు వైపు నల్లమలలో చెంచు పెంటలో ఉండేవాడు. అక్కడ సిగ్నలు లేదు. వారానికొకసారి ఆ కుర్రవాడు మన్ననూరుకు వచ్చేటట్టూ, ఇతడు మోటారుసైకిలు మీద ఎదురువెళ్ళి, వారం పాఠాలు ఫోనులోకి దింపించి, వ్రాసినవి పంపించేటట్టూ ఏర్పాటు చేసుకొన్నాడు. ఎడారిలో విమానం చేసిన పని అడవిలో మోటారుసైకిలు చేసింది.

మూడోనాటి రాత్రి తొమ్మిదీ యాభైకి ఆ అమ్మాయి ఇంటిపని వచ్చింది.

2021లో కాలేజీ తలుపులు తెరిచారు, మళ్ళీ మూశారు, మళ్ళీ తెరిచారు. మా బీరువా మాత్రం ఇప్పటికీ ఉంది. విత్తనపు పత్తి రోజులలో బల్లలు ఖాళీ అవుతాయి. ఖాళీ బల్లల పిల్లలు రాత్రిపూట అక్కడికి వస్తారు. వాళ్ళను పగలు తరగతికి తెచ్చే ఉపాయం మూడిల్‌లో లేదు. దానికి ఇళ్ళకు పోయి తల్లిదండ్రులతో మాట్లాడవలసిందే. పోతున్నాం. కొందరు వింటున్నారు.

ఉచితమన్న మాట అబద్ధం కాదు. ప్లాట్‌ఫారం దాకా నిజంగా ఉచితమే. అక్కణ్ణుంచి ఊరికి బస్సు మనం వేసుకోవాలి.

ఆ అమ్మాయి బి.కాం. పూర్తి చేసి ఇప్పుడు గద్వాలలో ఒక చీరెల దుకాణంలో లెక్కలు వ్రాస్తున్నది. మొన్న మా బీరువాలో ఒక జాబు కనబడింది: "సార్, తరుగుదల పాఠంలో మూడో లెక్క, జమ వైపు పద్దు తప్పుంది. చూడండి." చూశాను. తప్పే. ఇన్నేళ్ళుగా ఎవరూ పట్టలేదు. దిద్ది, జాబు వచ్చిన వేళ చూద్దును గదా, రాత్రి తొమ్మిదీ యాభై!