అరకు కాఫీ తోటల్లో కూలీల రక్షణ

తూర్పు కనుమల్లో శ్రమకూ ప్రభుత్వానికీ మధ్య సంబంధం చాలాకాలం చేదుగానే నడిచింది. గూడెం కొండల్లో రోడ్డు వేయడానికి చాలీచాలని కూలికి గిరిజనుల చేత చాకిరీ చేయించిన తహసీల్దారు బాస్టియన్‌పై రగిలిన ఆగ్రహం, 1922లో అల్లూరి సీతారామరాజు నడిపిన మన్యం తిరుగుబాటుకు ఒక కారణమైంది.

స్వాతంత్ర్యానంతరం వచ్చిన 1951 నాటి తోటల కార్మిక చట్టం, టీ, కాఫీ, రబ్బరు వంటి తోటల్లో పనిచేసేవారికి తాగునీరు, మరుగుదొడ్లు, వైద్యం, నివాసం కల్పించే బాధ్యతను యజమానిపై మోపింది. 50 మంది లేదా అంతకు మించి మహిళలు పనిచేసే తోటలో వారి పసిపిల్లల కోసం శిశుసంరక్షణ గది కూడా ఉండాలని ఆ చట్టం నిర్దేశించింది. 1981 సవరణతో, కనీసం 5 హెక్టార్లు, అంటే సుమారు 12 ఎకరాలు ఉండి, కనీసం 15 మంది పనిచేసే తోటలకూ ఈ చట్టం విస్తరించింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో దీన్ని విలీనం చేశారు.

అయితే అరకు, పాడేరు ప్రాంతాల్లో అటవీ అభివృద్ధి సంస్థ తోటలు కాక, ఎకరా, రెండెకరాల గిరిజన కమతాలే విస్తారంగా ఉన్నందున ఐదు హెక్టార్ల కొలతకు అందనివారు ఎందరో ఉంటారు. అలాంటి కమతాల్లోనూ ప్రమాదం ఉంటుంది: కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్టుకు పాకిన మిరియాల తీగ నుంచి గెలలు కోయడానికి నిచ్చెన ఎక్కినవారు, వాలులో అది జారితే పడిపోతారు. నిచ్చెనను కింద ఒకరు పట్టుకోవడం, దాని పాదాలను నేలలో దిగవేయడం వంటి జాగ్రత్తలు మాత్రం కమతం ఎంత చిన్నదైనా పాటించదగినవే.