నేలలో నిద్రించు విత్తనము

తొలకరి వానలు కురిసిన పదిదినములకు పొలమునకు పోయి చూడుడు. నిరుడు వేరుతోసహా పెరికివేసిన కలుపు మరల మొలచియుండును. దానిని రైతు విత్తలేదు. అంత విత్తనమును పొరుగుచేని నుండి గాలి మోసుకొనివచ్చినదనుటయు నమ్మదగినది కాదు. అందులో చాలభాగము ఆ నేలలోనే ఉండెను. ఎన్నాళ్లనుండి ఉండెను? ఇంకను ఎన్నాళ్లు ఉండగలదు?

అమెరికా రైతులకును ఇదే చిక్కు. దీనిని విడదీయవలెనని విలియం జేమ్స్ బీల్ అను వృక్షశాస్త్రజ్ఞుడు పూనుకొనెను. ఆయన మిషిగన్ రాష్ట్రములోని వ్యవసాయ కళాశాలలో ఆచార్యుడు. 1879వ సంవత్సరమున 20 గాజుసీసాలు తెప్పించి, ఒక్కొక్కదానిలో ఇరువదికి పైగా రకముల విత్తనములను, రకమునకు 50 చొప్పున, తడియిసుకతో కలిపి నింపెను. మనకు తెలిసిన నల్ల ఆవాలు, పావిలికూర విత్తనములును వానిలో కలవు. సీసాలకు బిరడాలు బిగింపలేదు. లోపల నీరు నిలువకుండ మూతి క్రిందికి వాల్చి, కళాశాల ఆవరణములో ఒకచోట పాతిపెట్టెను. అయిదేండ్లకొక సీసాను వెలికితీసి, అందలి విత్తనములను మొలకెత్తించి చూడవలెనని నియమము.

లెక్క వేసితిరా? ఇరువది సీసాలకు నూరేండ్లు పట్టును. అప్పటికి బీల్ వయస్సు 46. కడపటి సీసాను తాను చూడబోనని తెలిసియే ఆయన ఆ పనికి పూనుకొనెను. 1910లో ఉద్యోగము విరమించెను, 1924లో మరణించెను. తరువాతివారు పరీక్షను తుదముట్టించుటకు మారుగా గడువును ఇంకను పొడిగించిరి: మొదట పదేండ్లకొక సీసా, 1980 తరువాత ఇరువదియేండ్లకొక సీసా. ఆ చోటు కొలదిమందికే తెలియును. త్రవ్వకము కూడ చీకటిలోనే జరుగును. దానికి కారణము గుట్టు ఒక్కటియే కాదు. రెండవ కారణమును ముందు చెప్పెదము.

కొన్నిరకముల విత్తనములు మొదటి అయిదేండ్లకే చచ్చిపోయెను. కాలము గడచినకొలది తక్కినవియు ఒక్కొక్కటిగా వెనుకబడెను. 2000వ సంవత్సరమున, అనగా 120 ఏండ్లకు తీసిన సీసాలో ఒక మొక్క విత్తనములు మాత్రము తక్కినవానిని మించిపోయెను. పాతిన 50 గింజలలో 23 మొలకెత్తినవి! 2020లో తీయవలసిన సీసాను కరోనా వ్యాధి వలన 2021 ఏప్రిల్ నెలలో తీయగా, అందును ఇరువది గింజలు మొలచినవి. వానిలో ఒకటి సంకరజాతిదని తరువాత తేలినది. ఇంకను నాలుగు సీసాలు నేలలోనే ఉన్నవి. కడపటిది 2100లో బయటికి రావలసియున్నది.

ఇంత ఓర్పుగల ఆ మొక్క పేరు మాత్ మల్లీన్. పేరు వినగానే మల్లె గుర్తునకు వచ్చునేమో; మల్లెకును దీనికిని చుట్టరికము లేదు. 'మాత్' అనగా దీపముచుట్టు తిరుగు రెక్కలపురుగు. పూవు నడుమ కేసరములపై ఊదారంగు నూగు ఆ పురుగు మీసములవలె కనబడుటచే ఈ పేరు కలిగినది. శాస్త్రనామము వెర్బాస్కమ్ బ్లటేరియా. లాటిన్ భాషలో 'బ్లట్టా' అనగా బొద్దింక. ఈ మొక్క బొద్దింకలను పారద్రోలునని పూర్వులు నమ్మిరట! ఇది ఐరోపానుండి వలసవచ్చినవారితోపాటు అమెరికా చేరి, అక్కడ కలుపుమొక్కయైనది. దీని దాయాదియగు పెద్ద మల్లీన్, ఉన్నివంటి మెత్తని ఆకులతో, మన హిమాలయ ప్రాంతములలో పెరుగుచున్నది.

మాత్ మల్లీన్ ఆయువు సాధారణముగా రెండేండ్లు. మొదటియేట ఆకులు నేలను అంటుకొని చక్రమువలె పరచుకొనును. రెండవయేట వాని నడుమనుండి మూడునాలుగడుగుల కాడ నిటారుగా లేచి, క్రిందినుండి పైకి వరుసగా పూచును. పూలు లేతపసుపు గాని తెలుపు గాని అయియుండును. ఇది చల్లని దేశములకు తగిన మొక్క. మన మైదానముల యెండకు తాళుట కష్టము.

దీనిని పెంచుట సులభమే, ఒక్క సంగతి మరువకున్నచో. గింజలు గసగసాలకంటె చిన్నవి. చల్లునప్పుడు ఒకచోటనే కుప్పగా పడకుండ సన్నని యిసుకతో కలుపవలెను. నేలను చదును చేసి, పైన చల్లి, అరచేతితో మెల్లగా అదిమి విడువవలెను. తక్కిన విత్తనములకువలె మన్ను కప్పరాదు. వెలుతురు సోకినగాని ఈ గింజ మేలుకొనదు. లోతున పడిన గింజ మొలకెత్తక నిద్రించుటకును, బీల్ సీసాలను చీకటిలో త్రవ్వితీయుటకును కారణమిదియే.

నీరు నిలువని గులకనేల, నిండుగా ఎండ దీనికి చాలును. ఎరువు మితిమీరినచో కాడ సన్నగా సాగి వాలిపోవును. తల్లివేరు లోతుగా దిగును గనుక మొక్కను మార్చి నాటదలచినచో చిన్నదిగా ఉండగానే నాటవలెను. పూలు రాలినపిదప శనగగింజంత కాయలు కట్టును. అవి ఎండి పగులకముందే కాడను కోసివేయుడు. ఏమరుపాటున ఒక్కయేడు విడిచితిరా, మీ మనుమలు ఆ మడిని గుద్దలితో తిరుగవేసిన నాడు క్రిందిమట్టిలోని గింజలు వెలుతురును చూచును.