వాడిన ద్రాక్ష

బైబిలు కుప్ర అని పిలిచే ద్వీపమే నేటి సైప్రస్. అక్కడ ట్రూడోస్ కొండల దక్షిణపు వాలులో 14 గ్రామాలవారు 'కమాండరియా' అనే తియ్యని ద్రాక్షారసం చేస్తారు. కోసిన ద్రాక్షపండ్లను వెంటనే పిండరు. కొన్ని రోజులపాటు ఎండలో పరుస్తారు. నీరు ఇంకిపోయి పండు ముడతలు పడుతుంది, తీపి మాత్రం చిక్కబడుతుంది. పులిసిన రసాన్ని ఏళ్ల తరబడి ఓక్ పీపాల్లో ఉంచుతారు. తెలియనివారు ఆ వాడిన పండ్లను చూస్తే పారవేయమంటారు.

బర్నబా ఆ ద్వీపంలోనే పుట్టాడు. మొదటి సువార్త యాత్రలో మార్కు మధ్యలోనే వెనుదిరిగాడు. అలాంటివాణ్ని మళ్లీ వెంటబెట్టుకోవడం తగదన్నాడు పౌలు. బర్నబా ఒప్పుకోలేదు. పౌలుతో ఎడబాటుకైనా సిద్ధపడి, మార్కును తీసుకుని ఓడ ఎక్కి కుప్రకే వెళ్లాడు. ఏళ్లు గడిచాక చెరలో ఉన్న పౌలు, మార్కు తనకు పరిచర్యలో ఉపయోగపడేవాడనీ, అతణ్ని వెంట తీసుకురమ్మనీ తిమోతికి రాశాడు.

ఒక్క తప్పటడుగుకే మనం పక్కనబెట్టిన తమ్ముడో, కొడుకో, సంఘంలోని యువకుడో ఉన్నాడా? మనకు వాడిపోయినట్టు కనిపించేవాడిలో దేవుడు తీపిని చిక్కబరుస్తూ ఉండవచ్చు. పారవేయకముందే బర్నబాలా వాడి చేయి పట్టుకుందాం.