ఇంటి విత్తనం వంటి సాఫ్ట్‌వేర్
కళాశాలల్లో ‘గ్లగ్’ సభలు - నాలుగేళ్ల తర్వాత నడిపేదెవరు?

పత్తి గింజను ఇంట్లోనే దాచి మరుసటి ఏడు విత్తుకున్న రోజులు పల్నాటి పెద్దలకు ఇంకా జ్ఞాపకమే. సంకర రకాలు వచ్చాక, ఆపైన 2002లో బి.టి. పత్తికి అనుమతి లభించాక ఆ అలవాటు పోయింది. ఏటా తొలకరికి ముందు దుకాణానికి వెళ్లి పాకెట్టు కొనవలసిందే. పండిన పంటలోని గింజను తిరిగి విత్తితే మొదటి ఏటి దిగుబడి రాదు.

కంప్యూటర్ల లోకంలోనూ ఇటువంటి తగవే నలభై ఏళ్లకు పైబడి నడుస్తున్నది. పెద్ద కంపెనీలు అమ్మే సాఫ్ట్‌వేర్ పాకెట్టు విత్తనం వంటిది. డబ్బు చెల్లించి వాడుకోవచ్చు గాని, లోపల ఎట్లా రాశారో చూడరాదు, మార్చరాదు, పొరుగువానికి ఇవ్వరాదు. అట్లా గాక ఇంటి విత్తనం మాదిరి పదిమందీ పంచుకోదగిన సాఫ్ట్‌వేర్ కూడా ఉన్నదని, దానిని నేర్చుకోవడానికి రుసుము అక్కరలేదని చెప్పే విద్యార్థి బృందాలు మన ఇంజనీరింగ్ కళాశాలల్లో పుట్టాయి. వీటిని ‘గ్లగ్’ అంటారు. గ్ను లినక్స్ యూజర్స్ గ్రూప్ అన్న మాటకు ఇది పొట్టి పేరు. వడ్డేశ్వరంలోని కె.ఎల్. విశ్వవిద్యాలయం విద్యార్థులు ఇటువంటి గ్లగ్‌ను పెట్టుకున్నారు. నంబూరులోని వాసిరెడ్డి వెంకటాద్రి సాంకేతిక విద్యాసంస్థలో వికీపీడియా పని కోసం ‘వికీ కనెక్ట్’ అనే విద్యార్థి బృందం ఏర్పడింది.

కారు షెడ్డులో మొదలు

కంప్యూటరు తెలిసినవారు ఒకచోట చేరి, తెలిసింది తెలియనివారికి చెప్పడమన్నది కొత్త సంగతి కాదు. 1975 మార్చిలో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు ఔత్సాహికులు ఒక ఇంటి కారు షెడ్డులో సమావేశమయ్యారు. హోంబ్రూ కంప్యూటర్ క్లబ్ అని దానికి పేరు. స్టీవ్ వోజ్నియాక్ తాను తయారు చేసిన ఆపిల్ కంప్యూటరును మొదట చూపినది ఆ క్లబ్బు సభ్యులకే. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన, సాఫ్ట్‌వేర్ లోపలి రాత అందరికీ తెరచి ఉండాలంటూ గ్ను ఉద్యమాన్ని ప్రకటించారు. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను విడుదల చేశాడు. నేడు మిర్చి యార్డు అరుగు మీద కూర్చుని రైతు ధర చూసుకునే ఆండ్రాయిడ్ ఫోను లోపల ఉన్నది ఆ లినక్సే. ఈ సంగతి చెప్పగానే కొత్త విద్యార్థుల ముఖాలు వెలుగుతాయి.

మన వైపు ఈ గాలి హైదరాబాదు మీదుగా వీచింది. 2005లో అక్కడ ‘స్వేచ్ఛ’ అనే సంస్థ ఏర్పడి, కంప్యూటరును తెలుగులో నడిపే ఏర్పాటుకు పూనుకున్నది. కళాశాలల్లో గ్లగ్‌లు పెట్టించింది. 2014 జనవరిలో గచ్చిబౌలి స్టేడియంలో అది జరిపిన ఫ్రీడం ఫెస్ట్‌కు వేల సంఖ్యలో విద్యార్థులు తరలివచ్చారు. ఆ మరుసటి నెలలోనే విజయవాడలో తెలుగు వికీపీడియా పదేళ్ల పండుగ జరిగింది.

సభలో ఏం జరుగుతుంది?

గ్లగ్ సభ అంటే పూలదండలు, స్వాగతోపన్యాసం, వందన సమర్పణ ఉండవు. తరగతులు లేని పూట ఒక ల్యాబ్ తెరుస్తారు. ఏడెనిమిదేళ్ల నాటి పాత ల్యాప్‌టాప్ తెచ్చినవారికి పెన్‌డ్రైవ్‌తో లినక్స్ ఎక్కించి ఇస్తారు. కదలక మొరాయించే యంత్రం మళ్లీ నడక పట్టడం చూస్తే చాలు, ఉపన్యాసం అవసరం ఉండదు. ఆ తర్వాత మూడో సంవత్సరం విద్యార్థి ఒకరు లేచి పైథాన్ గురించో, గిట్ గురించో అరగంట చెబుతాడు. తెర మీద అక్షరాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. చెప్పేది మాత్రం, ఇంగ్లీషు మాటలు కలిసినా, తెలుగులోనే సాగుతుంది. అసలు మేలు ఇక్కడే ఉన్నది.

పల్లెలో పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన కుర్రవాడు తరగతి గదిలో సందేహం అడగడానికి జంకుతాడు. ఇంగ్లీషు తప్పు పోతుందేమోనన్న భయం. ఈ సభలో “అన్నా, ఇది అర్థం కాలేదు” అని అడిగేస్తాడు. అన్న మళ్లీ చెబుతాడు. చదువు పూర్తయ్యాక అమీర్‌పేటలో హాస్టల్ గది తీసుకుని కోచింగ్‌కు కట్టవలసిన సొమ్ము మిరప పైరు మీద తెచ్చిన అప్పుకు తోడవుతుందని ఎరిగిన ఇంటివారికి, ఇక్కడ ఉచితంగా నేర్చుకున్న నాలుగు అక్షరాల విలువ వేరుగా చెప్పనక్కరలేదు. అయితే గ్లగ్‌కు వచ్చిన ప్రతివానికీ ఉద్యోగం దొరుకుతుందనుకోవడం పొరపాటు. ధైర్యం దొరుకుతుంది, అంతే.

తెలుగు అక్షరం పడ్డ పాట్లు

ఒక డి.టి.పి. దుకాణంలో కొట్టించిన పెళ్లి శుభలేఖను మరో దుకాణంలో తెరిస్తే గజిబిజి గీతలు కనిపించిన అనుభవం గుంటూరులో ఎందరికో ఉన్నది. ఒక్కో కంపెనీ ఫాంటుకు ఒక్కో లెక్క ఉండడమే కారణం. ప్రపంచమంతటికీ ఒకే లెక్కగా వచ్చిన యూనికోడ్‌లో 1991లోనే తెలుగుకు చోటు దక్కినా, వాడుకలోకి తెచ్చినవారు చాలావరకు ఔత్సాహికులే. 1990ల ఆరంభంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లీషు మీటలతో తెలుగు రాసే ఆర్.టి.ఎస్. పద్ధతిని ఏర్పరచారు. ఆ పేరులోని ‘రైస్’ మన బియ్యం కాదు, హూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయం. వెన్న నాగార్జున చేసిన ‘పద్మ’ పాత ఫాంటుల రాతను యూనికోడ్‌లోకి మార్చింది. వీవెన్ రూపొందించిన ‘లేఖిని’లో వేలాదిమంది తొలిసారి తెలుగు టైపు చేశారు. సిలికానాంధ్ర పూనికతో వెలువడిన ఉచిత ఫాంటులలో ఒకదానికి తెనాలి రామకృష్ణ పేరు పెట్టారు.

తెనాలి ముచ్చట ఇంకొకటి ఉన్నది. కృత్రిమ మేధకు తెలుగు నేర్పడానికి స్వేచ్ఛ, ఓజోన్‌టెల్ సంస్థలు 2023లో పాత కథల పుస్తకాల పుటలను కంప్యూటరు చదవగల అక్షరాలుగా మార్చే పని చేపట్టాయి. అనేక ఇంజనీరింగ్ కళాశాలల నుంచి వేలాది విద్యార్థులు ఇందులో చేయి వేశారు. ఆ పథకానికి పెట్టిన పేరు ‘చందమామ కథలు’. 1947లో చందమామ పత్రికను నాగిరెడ్డితో కలిసి ప్రారంభించిన చక్రపాణి తెనాలివారే. 1952 నుంచి 1980 దాకా దానిని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. పత్రిక పేరు యంత్రానికి చదువు చెప్పేదాకా వెళ్లడం తెనాలివారు చెప్పుకోదగిన విషయమే.

అయితే కథల పుస్తకాలతోనే పని తీరదు. 2021లో నల్ల తామర పురుగు మిరప తోటలను ఊడ్చినప్పుడు ఎందరో రైతులు ఆకును ఫోనులో ఫొటో తీసి తెలిసినవారికి పంపి సలహా అడిగారు. రేపు ఆ సలహా యంత్రమే చెప్పవలసి వస్తే, తామర పురుగుకూ చెరువులోని తామర పువ్వుకూ సంబంధం లేదని దానికి తెలియాలి. యార్డులో ‘టిక్కీ’ అంటే మిర్చి బస్తా అని, ‘తాలు’ అంటే రంగు పోయిన కాయ అని తెలియాలి. ఈ మాటలు ఏ కథల పుస్తకంలోనూ దొరకవు. రైతు ఇళ్ల నుంచి వచ్చిన విద్యార్థుల నోట ఉన్నాయి. గ్లగ్‌లు ఈ పనికి పూనుకుంటే వారికన్న తగినవారు లేరు. హైదరాబాదులోనో బెంగళూరులోనో కూర్చున్నవారికి ఈ మాటలు తట్టవు.

నడిపేవారు నిలవరు

ఇన్ని మంచి మాటలు చెప్పినా ఒక లోటు దాచరానిది. బృందం నడిపే కుర్రవాడు మూడో ఏట బాగా ఆరితేరతాడు. నాలుగో ఏట కంపెనీల ఎంపికలు వస్తాయి. ఆ తర్వాత అతను బెంగళూరు బస్సు ఎక్కుతాడు. కింది తరగతిలో అందుకునేవారు ఉంటే సభ సాగుతుంది, లేకుంటే ల్యాబ్ తలుపు మూతపడుతుంది. కౌలుదారు మారినప్పుడల్లా పొలం తిరిగి బాగు చేసుకోవలసి వచ్చినట్లున్నది ఈ వ్యవహారం. ఉద్యోగం వచ్చి వెళ్లినవారిని తప్పుపట్టడానికి వీల్లేదు. వెళ్లడానికే గదా చదివింది!

కేరళలో ఈ చిక్కును కొంత దాటారు. అక్కడ కూడా మలయాళం కంప్యూటింగు ఉద్యమం కాలికట్‌లోని ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థి చేతనే మొదలైంది. కాని ప్రభుత్వ పాఠశాలల్లో కంప్యూటరు పాఠాలను లినక్స్ మీదనే చెప్పే ఏర్పాటు జరగడంతో, ఉపాధ్యాయులు ఆ విద్యను పట్టుకుని నిలబడ్డారు. విద్యార్థి వెళ్లిపోయినా పంతులుగారు ఊళ్లోనే ఉంటారు. మన కళాశాలల్లో అధ్యాపకులు ఈ సభలకు అనుమతి సంతకం పెట్టి ఊరుకోకుండా ముందు వరుసలో కూర్చుంటే బాగుండును.

ఒక ఊరట మాత్రం ఉన్నది. రాసిన ప్రోగ్రాము తెరిచిన రాత కాబట్టి, రాసినవాడు దేశాంతరం పోయినా పని పోదు. బాపట్లలోనో, ఒంగోలులోనో ఉన్న మరో విద్యార్థి దానిని తెరిచి, ఆగినచోటి నుంచి కొనసాగించవచ్చు.

ఏటా సెప్టెంబరు మూడో శనివారం ప్రపంచమంతటా సాఫ్ట్‌వేర్ స్వాతంత్ర్య దినం జరుపుతారు. ఆ వేళకు ఇక్కడ మిరప నాట్లు ముమ్మరంగా సాగుతుంటాయి. కళాశాలల్లో మొదటి సంవత్సరం విద్యార్థులు కొత్తగా చేరి, ఇంకా బెరుకు తీరక తిరుగుతుంటారు. పాత ల్యాప్‌టాప్ ఉన్నవారు దానిని వెంట తీసుకుని ఆ సభకు వెళ్లవచ్చు.