మందారమునకు పట్టు పిండినల్లి : ప్రత్తి రైతులు గమనింపవలసిన సంగతులు

ఇంటి ముంగిట పూలమొక్కకు పురుగు పట్టినయెడల దానిని ఆడువారు చూచుకొందురులెమ్మని యజమాని యుపేక్షించుట సాధారణము. చేనికి పట్టినప్పుడే యాందోళన కలుగును. కాని మందారము, బెండ, ప్రత్తి యీ మూడును ఒకే కుటుంబమునకు చేరిన మొక్కలు. మందారముపై బ్రతుకు పిండినల్లి ప్రత్తిపైనను బ్రతుకగలదు. ప్రత్తికట్టె పెరికి చేను ఖాళీగానుండు వేసవిలో, దినదినము నీరు పోసి పెంచు పెరటిమొక్కయే దానికి నిలువనీడ.

ఉత్తర అమెరికానుండి వచ్చిన యొక జాతి పిండినల్లి 2007వ సంవత్సరమున పంజాబు ప్రత్తిచేలకు మిక్కిలి నష్టము కలిగించెను. ఆ జాతియే మందారమును, వయ్యారిభామ మొదలగు కలుపును గూడ నాశ్రయించును.

లేత రెమ్మల కణుపులయందును, ఆకుల యడుగునను, మొగ్గల మొదటను పిండి చల్లినట్లు తెల్లని ముద్దలు కనబడును. ఆడుపురుగునకు రెక్కలుండవు. అది దూదివంటి సంచిలో వందలకొలది పిల్లలను పెట్టును. ఆ పిల్లలు గాలివలనను, మనుష్యుల బట్టలవలనను, పనిముట్లవలనను ఒక మొక్కనుండి మరియొక మొక్కకు చేరును. రసము పీల్చినందున రెమ్మ గిడసబారి, ఆకులు ముడుచుకొనును. పురుగు విసర్జించు తేనెవంటి జిగురుపై మసి పట్టును.

ఆ జిగురునకై చీమలు చేరును. తమకు ఆహారమిచ్చు పురుగును అవి శత్రువులనుండి కాపాడును. ఎన్నిమారులు మందు చల్లినను పురుగు మరల వచ్చుచున్నదని చెప్పువారిలో అనేకులు చీమలబారును చూడనివారే. కావున మొదట చీమలను ఆపవలెను. కుండీని నీటిపళ్లెములో నిలిపిన ఇటుకపై నుంచవలెను. పెద్ద మొక్కయైనచో కాండమునకు గుడ్డ చుట్టి దానిపై గ్రీజు పూయవలెను. బెరడుపై నేరుగా పూయరాదు.

పిమ్మట పురుగు మెండుగానున్న రెమ్మలను కత్తిరించి కాల్చవలెను. మిగిలినవానిని నీటిధారతో కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెయు, అది నీటిలో కలియుటకు కొంచెము సబ్బును చేర్చి, సాయంకాలమున ఆకుల యడుగు తడియునట్లు చల్లవలెను. ముందు ఒక కొమ్మపై చల్లి, ఆకు మాడదని రెండు దినములు చూచుట మంచిది. దూదిసంచిలోని పిల్లలకు మందు తగులదు గనుక వారమునకొకసారి రెండు మూడు మారులు చల్లవలెను. పొగాకు కషాయము మనుష్యులకు గూడ విషము; తులసి, కరివేపాకువంటి తినదగిన యాకులపై దానిని చల్లనే రాదు.

ఇచ్చట ఒక పొరపాటు తరచుగా జరుగును. 1898వ సంవత్సరమున కాఫీతోటల నిమిత్తము ఆస్ట్రేలియానుండి తెచ్చిన యొక అక్షింతల పురుగు ఈ దేశమున స్థిరపడి పిండినల్లిని తినుచున్నది. దాని పిల్లయు ఒడలినిండ తెల్లని మైనపు పోగులతో, చూచుటకు పెద్ద పిండినల్లివలెనే యుండును. తాకిన వెంటనే చురుకుగా పరుగిడునది మిత్రము. మెల్లగా కదలునది శత్రువు. మరియు, పిండి రాలి, గోధుమవర్ణముతో గట్టిపడి యుబ్బిన పురుగులు కనబడినచో, వాని లోపల ఒక చిన్న కందిరీగ జాతి పెరుగుచున్నదని యెరుగవలెను. 2008వ సంవత్సరమునుండి ప్రత్తి పిండినల్లిని అణచుటలో దీని పాలు గొప్పది. అట్టి రెమ్మలను కాల్చక, మందు చల్లక విడిచిపెట్టవలెను.

కత్తిరించిన రెమ్మలను చేనిగట్టున పారవేయరాదు. గట్టుపైనున్న వయ్యారిభామను, తుత్తురబెండను విత్తుటకు ముందే పెరికివేయవలెను. పెరటిలో పురుగుపట్టిన మొక్కను ముట్టిన బట్టలతోనే ప్రత్తిచేనికి పోరాదు. పొరుగువారినుండి తెచ్చుకొన్న మొక్కను పదునైదు దినములు వేరుగానుంచి, ఆకుల యడుగు పరీక్షించిన పిమ్మటనే తక్కిన మొక్కలలో చేర్చవలెను.